నైట్ డ్యూటీ దిగి రాజీనామా రాయకు, తమ్ముడూ

ప్రశ్న, కుదించి: నా వయసు 21. మాది పలాస దగ్గర పల్లె. ఐటీఐ ఫిట్టర్ చేశాను. హైదరాబాద్ దగ్గర పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో కాంట్రాక్టరు కింద ప్రొడక్షన్ హెల్పర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. బస్తాలు మోయడం, రసాయనాలు వండే ట్యాంకు, అంటే రియాక్టర్లో పౌడరు వేయడం, గిర్రున తిప్పి తడి పిండే సెంట్రిఫ్యూజ్ నుంచి మెటీరియల్ తీయడం, ఇదే పని. తర్వాతి షిఫ్టు మనిషి (రిలీవర్) రాకపోతే డబుల్ డ్యూటీ. జీతం 16,000 అన్నారు, చేతికి 13,570 వస్తోంది. షిఫ్ట్ ఇంచార్జి అందరి ముందూ బూతులు తిడతాడు. నాన్నకు కిడ్నీ జబ్బు, ఇంటికి సరిగా పంపలేకపోతున్నాను. నిద్ర పట్టదు. నాతో చదివినవాళ్లు ఎక్కడో ఉన్నారు, నేనే దేనికీ పనికిరాననిపిస్తోంది. మానేసి ఊరికి పోదామా? ఒక్కోసారి అసలు ఎందుకు బతకడం అనిపిస్తోంది.

జవాబు:

తమ్ముడూ, నువ్వు చివర్లో రాసిన మాట సంగతి ముందు. అది విసుగులో వచ్చిన మాట కావచ్చు, అంతకంటే బరువైనదీ కావచ్చు. ఇంత దూరం నుంచి నేను తేల్చలేను, నువ్వూ ఒక్కడివే కూర్చుని తేల్చుకోవద్దు. ఆ ఆలోచన మళ్లీ వస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బు పడదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. రూములో ఉన్నవాళ్లలో నీకు కాస్త దగ్గరివాడికి ఈ రోజే చెప్పు: "నాకు మనసు బాగోలేదురా, కొన్నాళ్లు నన్ను ఒంటరిగా వదలకండి" అని. మగపిల్లాడివి, ఇలా చెప్పుకుంటే నవ్వుతారేమో అనుకోకు. ఆ రూముల్లో అలాంటి రాత్రులు చూడనివాళ్లు తక్కువ.

ఇక మిగతాది. నేను ఈ లైన్లోనే హెల్పర్‌గా మొదలై, ఆపరేటర్ అయి, ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు అన్నీ తిరిగాను. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాళ్లకు సేఫ్టీ క్లాసులు చెబుతుంటాను. మాదీ మీ వైపే, టెక్కలి పక్కన. కాబట్టి నీ పల్లె ఎలా ఉంటుందో, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టాక జీడితోటలు, కొబ్బరితోటలు ఎలా నేలకొరిగాయో నాకు చెప్పనక్కర్లేదు. ఒక చెట్టు మళ్లీ కాపుకొచ్చేసరికి ఇంట్లో పిల్లాడు వలసబండి ఎక్కేస్తాడు. నువ్వు పాశమైలారంలో తేలింది తెలివితక్కువై కాదు.

నువ్వు రాసినదాంట్లో నిద్ర, డబ్బు, ఇంచార్జి నోరు, ఎదుగూబొదుగూ లేకపోవడం అన్నీ కలిసిపోయి ఒకే ముద్దలా నెత్తిమీద కూర్చున్నాయి. విడదీసి చూస్తే కొన్ని నీ చేతిలో ఉన్నవి, కొన్ని కావు. "నేనే పనికిరాను" అన్నది మాత్రం వాటిలో ఎక్కడా లేదు. అది నిద్రలేమి చెప్పే మాట.

ముందు నిద్ర గురించే చెప్తాను, ఎందుకంటే ఇది సరిపడకపోతే మిగతా ఏదీ సరిగ్గా ఆలోచించలేవు. మనిషి ఒళ్లు తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య బాగా దిగజారి ఉంటుంది. ఒంటి వేడి కూడా అప్పుడే తగ్గుతుంది. సి షిఫ్టులో, అంటే నైట్ డ్యూటీలో, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ, ఏడుపు వచ్చేదీ, "ఈ ఉద్యోగం నాకెందుకు" అనిపించేదీ ఆ వేళలోనే. బస్సు దిగి ఇస్నాపూర్‌లోనో ఎక్కడో రూముకు చేరేసరికి ఎండ మొహాన కొడుతుంది. నలుగురు ఉండే రూములో ఒకడు ఎ షిఫ్టుకు పోయి ఉంటాడు, ఒకడు బి షిఫ్టుకు వంట చేసుకుంటుంటాడు, కుక్కరు కూత పెడుతుంది, ఒకడు స్పీకర్ పెట్టి ఫోన్ చూస్తుంటాడు. ఇందులో నీకు నిద్ర పట్టకపోవడం జబ్బేమీ కాదు. పడితేనే ఆశ్చర్యం.

చేయగలిగింది కొంత ఉంది. ఒకే షిఫ్టు వాళ్లు ఒక రూములో ఉండేలా మార్చుకోండి. మా రోజుల్లో అద్దె కంటే ముందు చూసుకునేది ఇదే. కిటికీకి నల్లగుడ్డ కట్టు. డ్యూటీలో చివరి టీ రాత్రి రెండు గంటలకే ముగించు. రూముకు రాగానే రెండు ముద్దలు తిని పడుకో, ఫోన్ చేతిలోకి తీసుకుంటే పది దాటిపోతుంది. నీతో చదివినవాళ్ల రీల్స్ ఆ టైములో అస్సలు చూడకు. వాడు బెంగళూరులో కాఫీ తాగుతున్న ఫోటో పెడతాడు, వాడి అప్పు ఫోటో పెట్టడు. షిఫ్టులు ఎ, బి, సి వరసలో, అంటే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తిరిగితే ఒళ్లు కాస్త ఓర్చుకుంటుంది, వెనక్కి తిరిగితే ఓర్చుకోదు. మీ దగ్గర వెనక్కి తిప్పుతుంటే నలుగురు కలిసి ఇంచార్జిని అడగండి, దీనికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకో: మానెయ్యాలా వద్దా అన్నది సి షిఫ్టు వారంలో నిర్ణయించకు. వీక్లీ ఆఫ్ అయ్యి, రాత్రిపూట రెండు నిద్రలు పడ్డాక ఆలోచించు. అప్పుడూ మానెయ్యాలనే అనిపిస్తే అది నీ నిర్ణయం.

డబ్బు సంగతికి వద్దాం. చేతికి 13,570 వస్తోందన్నావు. స్లిప్పు ఇస్తే ఇలా ఉండాలి: గ్రాస్ 16,000. పీఎఫ్ కట్టే జీతం 13,000 అనుకుంటే అందులో 12 శాతం, 1,560. ఈఎస్‌ఐ 0.75 శాతం, 120. తెలంగాణలో 15,000 దాటితే వృత్తిపన్ను 150. బస్సుకు, క్యాంటీన్‌కు 600 పట్టుకుంటే సరిగ్గా నీ 13,570 వస్తుంది. అంటే కోతల వరకు లెక్క కుదురుతోంది. అసలు ప్రశ్న వేరే: కోసిన 1,560 నీ ఖాతాలో పడుతోందా?

యూఏఎన్, అంటే నీ పీఎఫ్ ఖాతా నంబరు, ఉందా నీకు? లేకపోతే కాంట్రాక్టరు సూపర్‌వైజర్ని కాదు, కంపెనీ టైమాఫీసులో అడుగు. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరువు. నెలనెలా నీ 1,560తోపాటు కంపెనీ వాటా కూడా కనిపించాలి. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం, అంటే 1,083, పెన్షన్ వైపు పోతుంది. మిగిలిన 477 నీ పీఎఫ్‌లో చేరుతుంది. అంటే నెలకు 2,037 నీ పేరున జమ అవుతూండాలి. ఏడాదిన్నరకు అదెంతో నువ్వే గుణించుకో, వడ్డీ కాకుండానే. ఏమీ మిగల్లేదని నీకు అనిపిస్తుండొచ్చు. మిగిలిందో లేదో నువ్వింకా చూడలేదు. పాస్‌బుక్ ఖాళీగా ఉంటే మాత్రం అది నీ దురదృష్టం కాదు, దొంగతనం. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే నువ్వు పనిచేసే కంపెనీయే, బాధ్యత వహించాలి. జీతం ఎగ్గొట్టినా అంతే. ఈ సంగతి కంపెనీ హెచ్ఆర్‌కు బాగా తెలుసు. అందుకే కాంట్రాక్టరు దగ్గర గొంతు చించుకునేకంటే హెచ్ఆర్‌కు ఒక కాగితం రాసిస్తే పని త్వరగా అవుతుంది. అక్కడా కదలకపోతే పీఎఫ్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు.

డబుల్ డ్యూటీకి ఎంత ఇస్తున్నారో నువ్వు రాయలేదు. చాలాచోట్ల జరిగేది చెప్తాను: 16,000ను 30తో భాగించి 533 చేతిలో పెట్టి "ఒక రోజు జీతం ఎక్స్‌ట్రా ఇచ్చాం కదా" అంటారు. కుర్రాళ్లు సంతోషంగా పుచ్చుకుంటారు. చట్టం చెప్పేది అది కాదు. వారానికి 48 గంటలు దాటిన పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. 16,000ను 26 రోజులకు, రోజుకు 8 గంటలకు లెక్కేస్తే గంటకు దాదాపు 77. రెట్టింపు 154. ఎనిమిది గంటల ఓటీకి 1,230 దాకా రావాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు, 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్నదే, కొత్త కార్మిక చట్టాలైన లేబర్ కోడ్లలోనూ ఉంది. రేపే వెళ్లి గొడవపడమని కాదు. ఒక చిన్న నోట్‌బుక్ కొని తేదీ, షిఫ్టు, ఎన్ని గంటలు, ఎవరు ఆపారు అన్నది రోజూ రాసుకో. పంచింగ్ మెషిన్ దగ్గర ఫోన్ తీయనివ్వరు కాబట్టి చేతిరాతే. పదిమంది నోట్‌బుక్కులు ఒకే మాట చెబితే లేబర్ ఆఫీసరు ముందు దానికి విలువుంటుంది. ఒక్కడివి నోటిమాటగా చెబితే ఉండదు.

ఇంకోటి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. నీకు ఇచ్చారా? కాంట్రాక్టు కుర్రాళ్లలో చాలామంది దగ్గర గేటు పాసు తప్ప ఏ కాగితమూ ఉండదు. అడుగు. మర్యాదగా, రాతపూర్వకంగా అడుగు.

నాన్నగారి గురించి. నీ జీతం 21,000 లోపు కాబట్టి నువ్వు ఈఎస్‌ఐలో ఉన్నావు. కంపెనీ నీ కోసం ఇంకో 3.25 శాతం కడుతుంది. నీమీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా, వాళ్ల సొంత ఆదాయం పరిమితి లోపు ఉంటే, ఈఎస్‌ఐ వైద్యం వర్తిస్తుంది. వాళ్ల పేర్లు నీ ఈఎస్‌ఐ నంబరు (ఐపీ నంబరు) కింద ఎక్కించారా? చేరినప్పుడు ఫారం నింపినవాడు "పెళ్లికానివాడు" అని రాసి ఫ్యామిలీ గడి ఖాళీగా వదిలేసి ఉంటాడు, నేను చూసిన ఫారాల్లో సగం అంతే. రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు దగ్గరే, పెద్దది సనత్‌నగర్‌లో ఉంది. నాన్నను ఇక్కడికి తెచ్చే ఓపిక లేకపోతే పలాసలో కిడ్నీ జబ్బుల కోసమే 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ పింఛను కూడా ఉంది. ఇవన్నీ అందుతున్నాయో లేదో ఒక ఆదివారం ఇంటికి ఫోన్ చేసి కూర్చోబెట్టి కనుక్కో. నువ్వు నెలకు ఇంకో వెయ్యి పంపడం కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది. నీకు ఒంట్లో బాగోక డ్యూటీకి పోలేకపోయినా, ఈఎస్‌ఐ చందా కట్టిన రోజులు 78 నిండి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. మనసు బాగోకపోవడం కూడా జబ్బే, అక్కడ సైకియాట్రిస్టును అడుగు. సిగ్గుపడకు, నీ జీతంలోంచి కోసిన డబ్బే అది.

ఇంచార్జి నోటి గురించి ఎక్కువ చెప్పను. వాడిమీద బ్యాచ్ టైము ఒత్తిడి, ఎంత సరుకు రావాలన్న ఈల్డ్ ఒత్తిడి, పైవాడి తిట్లు అన్నీ ఉంటాయి. అంతమాత్రాన తల్లిని తిట్టే హక్కు రాదు. అందరి ముందూ ఎదురు తిరిగితే నీ గేటు పాసు ఆగిపోతుంది, అది నిజం. షిఫ్ట్ హ్యాండోవర్ అయ్యాక ఒంటరిగా దొరికినప్పుడు "సార్, పనిలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. బూతులు వద్దు" అని ఒక్కసారి మెల్లగా చెప్పు. కొందరు అంతటితో తగ్గుతారు. తగ్గకపోతే హెచ్ఆర్‌కు రాసిచ్చి వేరే బ్లాకుకు మార్చమని అడుగు.

కానీ ఇంచార్జి ఎంత అరిచినా నువ్వు ఆగాల్సిన చోట్లు రెండున్నాయి. నీ ప్రశ్నలో "రియాక్టర్లో పౌడరు వేయడం" అని ఒక్క ముక్కలో రాసేశావు, నాకు దానిదగ్గరే కన్ను ఆగింది. లోపల టోలుయీన్, మెథనాల్ లాంటి మండే సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఉండగా మ్యాన్‌హోల్ మూత తెరిచి ప్లాస్టిక్ లైనరున్న బస్తాను నేరుగా గుమ్మరిస్తున్నారా? పౌడరు ఆ లైనరు మీద జారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది. మ్యాన్‌హోల్ దగ్గర సాల్వెంట్ ఆవిరి ఉంటుంది. ఒక్క చిన్న మిణుకు చాలు. లోపల గాలి బదులు నైట్రోజన్ నింపే బ్లాంకెట్ ఉందా, ఆ కరెంటును నేలకు పంపే ఎర్తింగ్ క్లిప్ తగిలించారా, నీ కాలికి యాంటీస్టాటిక్ బూట్లు ఉన్నాయా చూడు. లేకపోతే "క్లిప్ పెట్టాక వేస్తాను సార్" అని నిలబడు. రెండోది, క్లీనింగ్‌కు రియాక్టర్లోకి దిగమంటే ఎంట్రీ పర్మిట్, ఆక్సిజన్ రీడింగ్, పైన ఒక మనిషి, ఈ మూడూ లేకుండా కాలు పెట్టకు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. నైట్రోజన్‌కు వాసనుండదు, రంగుండదు. పడిపోయినవాణ్ణి లాగబోయి దిగినవాడు కూడా పోతాడు.

2025 జూన్ 30న మీ పాశమైలారంలోనే జరిగిన పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు, పొట్ట చేతపట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో ఎంతోమంది. అంతకుముందు ఏడాది ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది. ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే పై అధికారికి చెప్పే హక్కు కార్మికుడికి చట్టంలోనే రాసి ఉంది. డబుల్ డ్యూటీ చేసి కళ్లు మూతపడుతున్నప్పుడు ఛార్జింగ్ పని, అంటే రియాక్టర్లో పౌడరు వేసే పని, ఇస్తే, ఆ ఒక్క పని వద్దని చెప్పు, బస్తాలు మోస్తానను. ఏ ఇంచార్జీ దానికి కాదని కాగితం మీద రాసివ్వడు.

ఇక ఎదుగుదల. నువ్వు ఫిట్టరువి, చేస్తున్నది హెల్పర్ పని. నిన్ను ఎక్కువ కుంగదీస్తున్నది ఇదేననుకుంటాను. చదివిన చదువు తుప్పు పట్టిపోతోందన్న బాధ తిట్ల కంటే లోతుగా దిగుతుంది. మీ ప్లాంటులో మెయింటెనెన్స్ వాళ్లు గ్లాస్‌లైన్డ్ రియాక్టర్ మీద పనిచేసేటప్పుడు పక్కన నిలబడి చూడు. పైపు కలిసే చోట ఉండే నాజిల్ ఫ్లాంజ్ బోల్టులు ఒక పక్క నుంచి వరసగా బిగించరు, ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో కొంచెం కొంచెంగా బిగిస్తారు. ఒక పక్క ఎక్కువ పడితే లోపలి గాజు పూత చిట్లుతుంది. స్పానర్ జారి లోపల పడినా అంతే, లక్షల్లో నష్టం. మెకానికల్ సీలు మార్చడం, పంపు గ్లాండ్ ప్యాకింగ్ కొట్టడం, సెంట్రిఫ్యూజ్ బ్యాలెన్స్ చూడటం, ఇవి చేతికొచ్చిన ఫిట్టర్ కోసం ఈ బెల్టులో ఎప్పుడూ వెతుకులాటే. మెయింటెనెన్స్ ఇంజనీరును కలిసి నీ ఐటీఐ సర్టిఫికెట్ చూపించు, ఖాళీ ఉంటే తీసుకోమను, లేకపోతే ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పనులప్పుడైనా పిలవమను. షట్‌డౌన్‌కు ఎప్పుడూ చేతులు చాలవు, ఆ పది రోజుల్లో పనిమంతుడు ఎవడో వాళ్లకు తెలిసిపోతుంది.

ప్రొడక్షన్‌లోనే ఉండాలంటే బ్యాచ్ రికార్డు చదవడం నేర్చుకో. హెల్పర్‌కూ ఆపరేటర్‌కూ మధ్య తేడా కండలో లేదు, ఆ కాగితంలో ఉంది. ఏ టెంపరేచర్‌లో ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు శాంపిల్ పంపాలి అన్నది ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది, అవే యాభై అరవై మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆపరేటర్‌తో మంచిగా ఉండి రోజుకో పేజీ చదివించుకో. ఐటీఐ చేసినవాళ్లకు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది, బాయిలర్ అటెండెంట్ పరీక్ష ఉంది. ఇంట్లో పరిస్థితి కాస్త కుదుటపడ్డాక అవీ చూడు. హైదరాబాద్ చుట్టూ ఈ బల్క్ డ్రగ్ కంపెనీల్లో చాలావరకు పుట్టింది బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్లో పనిచేసి బయటికొచ్చినవాళ్ల చేతుల్లోంచే, డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారితో సహా. అందరూ యజమానులవుతారని కాదు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఆపరేటర్లుగానే రిటైరయ్యారు, పిల్లల్ని చదివించుకున్నారు, అది తక్కువేం కాదు.

మానేసే సందర్భం లేదా అంటే ఉంది. పాస్‌బుక్ ఖాళీగా ఉండి అడిగినా కట్టకపోతే, నేను చెప్పిన ఆ రెండు పనులూ అలాగే చేయిస్తుంటే, రాసిచ్చినా మనిషిని మనిషిగా చూడకపోతే, వెళ్లిపో. ఆ ఉద్యోగం అంత గొప్పదేమీ కాదు. కానీ ఉత్త చేతుల్తో పోకు. చివరి ఆరు నెలల జీతం స్లిప్పులు, పనిచేసినట్టు సర్టిఫికెట్ తీసుకో. పీఎఫ్‌లో నువ్వు మానేసిన తేదీ ఎక్కించారో లేదో చూసుకో, అది ఎక్కకపోతే తర్వాత నానా తిప్పలు. పీఎఫ్ డబ్బు గీకేయకు, కొత్త కంపెనీకి అదే యూఏఎన్ ఇచ్చి ట్రాన్స్‌ఫర్ చేయించు. సర్వీసు పదేళ్లు కలిస్తేనే పెన్షన్. కొత్త చోటు ఖాయం చేసుకుని పాతది వదులు. ఊళ్లో జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది, నాన్న దగ్గర ఉండొచ్చు. పలాస వెళ్లాలనుంటే వెళ్లు, ఓడిపోయి వచ్చాడని ఎవడైనా అంటే అననీ. అయితే అక్కడ రోజుకు ఎంతిస్తారో, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయో లేదో ముందు ఫోన్‌లో కనుక్కుని, ఈ 13,570 పక్కన పెట్టి చూసుకో.

వీక్లీ ఆఫ్ రోజు పాస్‌బుక్ తెరిచి ఏం కనిపించిందో, డబుల్ డ్యూటీకి ఎంత ఇస్తున్నారో రాయి, లెక్క నేను చూసి చెప్తాను. యూఏఎన్, ఆధార్ నంబర్లు, కంపెనీ పేరు మాత్రం అందరికీ కనబడేలా పెట్టకు.